గుమ్మడి పులుసు

తెలుగు కవులు శరదృతువును వర్ణించినప్పుడు ఆకాశాన్ని కడిగి తుడిచిన అద్దంలా చూపుతారు. మబ్బులు తెల్లబడి విడిపోతాయి. నదులు తేటపడతాయి. ఏటి ఒడ్డున రెల్లు పూస్తుంది. వెన్నెల పిండి ఆరబోసినట్లు ఉంటుంది. ఆంధ్ర మహాభారతంలో నన్నయ భట్టారకుని చివరి పద్యం శారదరాత్రుల వర్ణనమేనని సాహిత్య చరిత్ర చెబుతుంది. శరత్తు అనగానే తెలుగు చదువరి మనసులో మెదిలేది ఆ నిర్మలమైన రాత్రి.

నెల్లూరు సీమలో మాత్రం శరత్తు తీరు వేరు. ఆశ్వయుజం సగం గడిచేసరికి అక్కడ ఆకాశం తేటపడదు, ముసురు పడుతుంది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగిన తరువాత బంగాళాఖాతం మీదుగా వీచే ఈశాన్య రుతుపవనాలు ఆ జిల్లాను తడుపుతాయి. ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు లోపలే కురుస్తుంది. కావ్యంలో చంద్రుడు వెలిగే వేళ ఆ సీమలో చూరు నీళ్లు ధారకట్టి ఉంటాయి. పడమటి మెట్టప్రాంతమైన ఉదయగిరిలో దుర్గం కొండ కొన్ని దినాల పాటు మబ్బులో దాగి కంటికి కనిపించదు. అటువంటి దినాలలో మనిషికి కావలసినది వెన్నెల కాదు, వేడివేడి అన్నంలోకి ఒక పులుసు.

ఆ కాలానికి తగిన పులుసును ఆ కాలమే సమకూరుస్తుంది. తొలకరికి పెంటదిబ్బ పక్కన గుచ్చిన గుమ్మడి గింజ ఆషాఢంలో తీగ సాగుతుంది. శ్రావణంలో పసుపుపచ్చని పూలు పూస్తుంది. ఆశ్వయుజం నాటికి కాయ ముదిరి, కాడ ఎండి, చెక్కు మీద గోరు దిగనంత గట్టిపడుతుంది. ఈ పంటకు ప్రత్యేకంగా మడి అక్కరలేదు, పందిరి అక్కరలేదు. పాకమీదికో కంచెమీదికో తనంతట తాను ఎగబ్రాకుతుంది. ముదిరిన కాయను తడి తగలని చోట అటకమీద ఉంచితే నెలల తరబడి చెడదు. కానీ ఒకసారి కత్తి పడితే రెండు మూడు దినాలకు మించి నిలవదు. ఇంటిల్లిపాది తిన్నా ఒక పూటకు తరగని కాయ అది. అందువల్ల పల్లెలలో గుమ్మడికాయ కోసిన ఇంటి నుండి ఇరుగుపొరుగు ఇళ్లకు ముక్కలు వెళ్లడం మర్యాదగానే కాక అవసరంగా కూడా స్థిరపడింది. కోయనంతకాలం అది ఒక ఇంటి సొత్తు. కోసిన తరువాత వాడ సొత్తు.

ఇంతగా మన పల్లెకు అలవాటైన ఈ కాయ పుట్టుక మాత్రం మన నేల మీద కాదు. దిష్టి తీయడానికీ, వడియాలకూ వాడే బూడిదగుమ్మడి ఆసియాలో ప్రాచీన కాలం నుండి ఉన్నది. సంస్కృతంలో కూష్మాండమని దానికి పేరు. కూరకూ పులుసుకూ వాడే తియ్యగుమ్మడి పుట్టినిల్లు అమెరికా ఖండాలు. 1492లో కొలంబస్ సముద్రయానం తరువాతనే అది తక్కిన ప్రపంచానికి పరిచయమైంది. మిరపకాయ కథ కూడా అదే. ఆ రెండూ పోర్చుగీసువారి రాకతో మన తీరాలకు చేరాయి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతి నుండి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నది 1514లో. దీర్ఘకాలం ముట్టడి సాగించిన ఆ సైనికులు కొండ కింద ఎన్ని వంటలు వండుకున్నా గుమ్మడి పులుసు రుచి ఎరిగి ఉండే అవకాశం లేదన్న మాట. ఈనాడు పెళ్లికీ పండుగకూ తప్పని వంటకంగా మనం భావించే పులుసులో కాయ దూరదేశానిది, కారం దూరదేశానిది. వచ్చిన దానిని తనదిగా చేసుకోవడం వంటింటికి తెలిసినంతగా మరి దేనికీ తెలియదు.

ఇదే కాలంలో అమెరికా, ఐరోపా దేశాలలో చెట్ల ఆకులు పండి రాలుతూ ఉండగా అక్కడి గృహస్థులు ఇదే జాతి కాయను ఉల్లిపాయలతో ఉడికించి, మెత్తగా మెదిపి, వెన్నో మీగడో చేర్చి సూప్‌గా తాగుతారు. చలి తగిలిన దేహం ఎక్కడైనా ఒకటే వెచ్చదనాన్ని కోరుతుంది. వారు మీగడతో తీర్చుకునే కోరికను నెల్లూరు సీమ చింతపండుతో తీర్చుకుంటుంది. తేడా అంతే.

ఉదయగిరి వంటింట పులుసు కలపడానికి మరొక వస్తువు కూడా ఉన్నది. దుర్గం కొండల అడవిలో దొరికే కొయ్యతో చెక్కిన గరిటె అది. ఉదయగిరి కొయ్య చెంచాలూ గరిటెలూ భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళా వస్తువులు. ఆ ఊరి ముస్లిం కుటుంబాలవారు, వారిలోనూ విశేషంగా స్త్రీలు, చిన్న ఉలులతో, ఆకురాళ్లతో ఆ కొయ్యను నునుపు చేస్తారు. పిడిమీద పూలు, ఆకులు తీర్చే పనితనం వారికి తరతరాలుగా వచ్చిన విద్య. లోహపు గరిటెలా ఆ గరిటె పిడి వేడెక్కి చేతిని కాల్చదు. చింతపండు పులుపుకు రుచి మారదు. అన్నింటికీ మించి, ఉడికిన గుమ్మడి ముక్కను చిదపకుండా పక్కకు ఒత్తిగించే మెత్తదనం ఆ కొయ్యలో ఉన్నది.

ఉదయగిరి దగ్గరి ఒక పల్లె నుండి ఆత్మకూరుకు చదువు కోసం వచ్చిన ఒక బాలుడూ, అతనికి వండిపెట్టడానికి తోడుగా వచ్చిన అవ్వా ఈ పులుసు సంగతిలో గుర్తు చేసుకోదగినవారు.

ఆ పల్లె నుండి పదవ తరగతి ముగించిన పిల్లలు ఇంటర్మీడియట్ కోసం ఏదో ఒక పట్టణం చేరడం పరిపాటి. వసతిగృహంలో చేర్చే స్తోమత లేని తల్లిదండ్రులు పట్టణంలో ఒక గది అద్దెకు తీసుకొని, ఇంట్లోని పెద్దావిడను తోడుగా పంపుతారు. తల్లికి పొలం పని, తండ్రికి గొడ్ల పని. చేతులు ఖాళీగా ఉన్నవారు అవ్వలే అని అందరూ అనుకుంటారు. డెబ్బై ఏళ్లు దాటిన ఆ అవ్వ పుట్టింటికీ మెట్టినింటికీ నడుమ తప్ప మరొక చోట కాపురం చేసి ఎరుగదు. మనుమని చదువు పేరిట 2021లో ఆమె ఆత్మకూరులో ఒక ఇరుకు వీధిలోని వరుస ఇళ్లలో చివరి గదికి వచ్చింది. వచ్చేటప్పుడు తెచ్చినవి మూడే. ఒక బియ్యం మూట, ఒక కొయ్య గరిటె, గోతపు సంచిలో పెరటి గుమ్మడికాయ.

ఆ కాయ ఎనిమిది కిలోలకు తక్కువ ఉండదు. గదిలో ఒక మూల గడ్డి చుట్ట మీద దానిని కూర్చోబెట్టింది అవ్వ. వారం గడిచింది, పక్షం గడిచింది. కాయ అక్కడే ఉన్నది.

దానికి కారణం ఒక ఆచారం. నిండు గుమ్మడికాయకు స్త్రీ తొలి గాటు పెట్టరాదని తెలుగు ఇళ్లలో ఒక నియమం వాడుకలో ఉన్నది. ఇంటి మగవాడు కాయను రెండు చెక్కలు చేస్తేనే ఆ తరువాత ఆడవారు ముక్కలు కోసుకుంటారు. ఊళ్లో ఉన్ననాళ్లు ఆ పని తాతది. తాత పోయిన తరువాత ఇంట్లో ఏ మగపిల్లవాడు కనిపిస్తే వాడిది. పిల్లవాడు కత్తి దింపి, కాయ రెండుగా విచ్చుకోగానే ఏదో దండయాత్ర గెలిచినట్లు కత్తి పారవేసి ఆటకు పరుగెత్తేవాడు. గింజలు తీయడం, చెక్కు మీది మట్టి కడగడం, ముక్కలు కోయడం, చింతపండు పిసకడం, పొయ్యి ఊదడం, వడ్డించడం, గిన్నెలు తోమడం తక్కినవారి వంతు.

ఆత్మకూరులో ఆ తొలి గాటుకు కూడా తీరిక దొరకలేదు. "అబ్బయా, ఆ కాయ కాస్త కోసిపెట్టి పో నాయనా" అని అవ్వ పొద్దున అడిగేది. "వచ్చినాక కోస్తాలే అవ్వా" అని అతడు సైకిలు ఎక్కేవాడు. సాయంత్రం ట్యూషను ఉండేది, రాత్రి చదువు ఉండేది. పైగా అతనికి ఆ కాయను చూస్తే ఒక చిన్నతనంగా కూడా ఉండేది. తోటి విద్యార్థులు గదికి వచ్చినప్పుడు మూలన ఉన్న గుమ్మడికాయను చూసి నవ్వుతారేమోనన్న సంకోచం. దాని మీద ఒక పాత దుప్పటి కప్పాడు. అవ్వ ఆ దుప్పటిని చూసింది గాని ఏమీ అనలేదు. బహుశా ఆమెకూ తొందర లేదు. "ఇద్దరి నోళ్లకు ఇంత కాయ ఎందుకులే" అని తనలో తాను అనుకొని పప్పుచారుతో సరిపెట్టింది. ఊళ్లో అయితే కోసిన కాయ ఎవరికి పంపాలో ఆమెకు తెలుసు. ఇక్కడ వరుసలో అయిదు గదులు ఉన్నా, ఒక గదివారితో మరొక గదివారికి నీళ్ల కుళాయి దగ్గరి మాటలే తప్ప ఇచ్చిపుచ్చుకోవడం లేదు.

ఆ ఏడాది నవంబరులో వాన పట్టుకున్నది. మూడవ వారం నాటికి ఎడతెరిపి లేకుండా కురిసింది. ఎగువన రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట నవంబరు 19న తెగింది. ఆ నీరంతా పెన్నలో చేరింది. ఆత్మకూరుకు చేరువలోనే ఉన్న సోమశిల జలాశయం సామర్థ్యం 78 టి.ఎం.సి.లు. అది నిండి, వచ్చిన వరదను వచ్చినట్లే దిగువకు వదలవలసి వచ్చింది. పెన్న ఒడ్డు గ్రామాలు నీట మునిగాయి. నెల్లూరు దాపున జాతీయ రహదారి కోతకు గురై రాకపోకలు స్తంభించాయి. ఆనాడు కార్తీక పౌర్ణమి. కవులు కీర్తించిన శారద చంద్రుడు ఏ మబ్బు వెనుక ఉన్నాడో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

అంతకు ముందురోజే అవ్వకు జ్వరం తగిలింది. కరోనా భయం ఇంకా పూర్తిగా తొలగని కాలమది. మనుమడు గొడుగు పట్టి ఆమెను వైద్యుని వద్దకు తీసుకువెళ్లాడు. పరీక్షలో ఆ జబ్బు కాదని తేలింది. తడిలో నాని వచ్చిన జ్వరమేననీ, మాత్రలతో పాటు మూడు దినాలు విశ్రాంతి కావాలనీ, గొంతు దిగే వేడి పదార్థం ఏదైనా పూటపూటకూ పట్టాలనీ వైద్యుడు చెప్పాడు. ఊరి నుండి తల్లి రావలసి ఉన్నది గాని వాగులు పొంగి బస్సులు నిలిచిపోయాయి. వీధి చివర హోటలు మూతపడింది. కరెంటు పోయింది. గదిలో బియ్యం ఉన్నాయి, చింతపండు ఉన్నది, నాలుగు ఉల్లిపాయలు ఉన్నాయి. కూరగాయల బుట్ట ఖాళీ. మూలన దుప్పటి కింద గుమ్మడికాయ ఉన్నది.

అతడు దుప్పటి తీశాడు.

కత్తిపీటకు లొంగే కాయ కాదు అది. పక్క గదిలోని కండక్టరు ఇంటికి వెళ్లి, కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తి అడిగి తెచ్చాడు. కాడ ఊడదీసి, అక్కడ కత్తి మొన దించి, మీద రోకలిబండతో మెల్లగా తట్టాడు. కాయ నిట్టనిలువునా విచ్చుకున్నది. గదినిండా పచ్చి గుమ్మడి వాసన అలముకున్నది. పసుపుపచ్చని కండ, నడుమ పీచు, పీచులో చిక్కుకున్న తెల్లని గింజలు. చిన్ననాడు ఇంతవరకే అతని పని. కత్తి చేతిలో పట్టుకొని అతడు క్షణం సేపు దిక్కులు చూశాడు. ఈసారి ఆటకు పరుగెత్తడానికి వీలులేదు. మిగిలిన పని చేయడానికి మరొకరు లేరు.

"తొలి గాటు మొగోడు పెట్టాలంటారు గానీ, ఆ గాటుతోనే వాడి పని అయిపోయిందని ఏ శాస్త్రం చెప్పింది నాయనా? కూచో. నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నది అవ్వ, దుప్పటిలో నుండి.

ముందుగా జ్వరపు మనిషికి వండవలసిన చారు. పిడికెడు ముక్కలు చెక్కు తీసి, నాలుగు గ్లాసుల నీళ్లలో ఒక ఉల్లిపాయ సగం, చిటికెడు పసుపు, ఉప్పు వేసి మూత పెట్టి ఉడికించమన్నది. పావుగంటకు ముక్కలు వెన్నలా మెత్తబడ్డాయి. మిక్సీకి కరెంటు లేదు. కొయ్య గరిటె వీపుతో గిన్నె అంచుకు ఒత్తి మెదపమన్నది. ముక్క కరిగి నీళ్లలో కలిసి చిక్కని పసుపు వన్నె తేరింది. దంచిన మిరియాలు, జీలకర్ర అర చెంచా వేసి మరొక్క పొంగు రానిచ్చి దించమన్నది. చింతపండు వద్దు, మిరపకారం వద్దు. జ్వరపు నాలుక పులుపును ఓర్వదు. చివర నేతి బొట్టు ఒకటి వేయమన్నది. గుమ్మడికి ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్ అనే పదార్థం దేహంలో విటమిన్ ఎ గా మారుతుంది. అది ఒంటపట్టాలంటే కొద్దిపాటి కొవ్వు తోడు కావాలని పోషకాహార శాస్త్రం చెబుతుంది. అవ్వకు ఆ పేర్లు తెలియవు. నేతి బొట్టు సంగతి తెలుసు.

చారు గ్లాసులో పోసి అతడు ఆమెను లేవదీసి కూర్చోబెట్టాడు. రెండు గుటకలు తాగి, "ఉప్పు సరిపోయింది" అన్నది. ఆమె మెచ్చుకోలు ఎప్పుడూ అంతకు మించి ఉండేది కాదు. గ్లాసు పూర్తిచేసి ఆమె కాస్సేపు కునుకు తీసింది.

మిగిలిన కాయ ఎదుట ఉన్నది. దాదాపు ఏడు కిలోలు. అవ్వ మేలుకొని దానిని చూసి, "ఎవరి కత్తి తెచ్చావు?" అని అడిగింది. చెప్పాడు. "కత్తి ఇచ్చిన ఇంటికి ఉత్త కత్తి తిరిగి పంపుతామా? వరసలో ఎవరింట్లో ఏం వండుకున్నారో కనుక్కున్నావా?" అన్నది.

అతడు కనుక్కోలేదు. వెళ్లి కనుక్కుంటే తేలిన సంగతి ఇది. కండక్టరు విధుల మీద వెళ్లి బస్సుతో పాటు ఎక్కడో ఆగిపోయాడు. అతని భార్య, ఇద్దరు పిల్లలు ఊరగాయ అన్నం తింటున్నారు. కుట్టుపని చేసే దంపతుల గదిలోకి నీరు వచ్చి పొయ్యి తడిసింది. పూలమ్మే ఆమె రెండు దినాలుగా బుట్ట ఎత్తలేదు. మేస్త్రీ ఇంట ఆరుగురు, పని లేదు. అయిదు గదుల నడుమ గోడలు తప్ప అడ్డం ఏమీ లేదు. అయినా మూడు నెలలుగా అతనికి ఈ సంగతులేవీ తెలియవు.

ఆ సాయంత్రం పులుసు పెద్ద దబరలో తయారైంది. దబర మేస్త్రీ ఇంటిది. బెల్లం కుట్టుపని వారిది. కరివేపాకు కండక్టరు ఇంటి తొట్టెలోది.

గుమ్మడి పులుసు కష్టమైన వంట కాదు. కానీ దానికి ఒక క్రమం ఉన్నది. క్రమం తెలియక అతడు మొదట తప్పు చేశాడు. చింతపండు రసాన్నీ ముక్కలనూ ఒకేసారి పొయ్యి మీద పెట్టాడు. అరగంట దాటినా ముక్క ఉడకలేదు. అవ్వ గమనించి నవ్వింది. "పులుపు తగిలితే ముక్క బిగుసుకుంటుంది అబ్బయా. మనిషి లాంటిదే అది. ముందు మెత్తన చేసుకోవాల, ఆ పైన పులుపు చెప్పాల" అన్నది. ఆమె మాటలో శాస్త్రం లేకపోలేదు. కూరగాయ కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఆమ్లం ఉన్నచోట తొందరగా కరగదు. అందువల్ల పులుపులో వేసిన ముక్క ఆలస్యంగా మెత్తబడుతుంది.

ఆ రసాన్ని వేరొక గిన్నెలోకి వంచి, ముక్కలను మంచినీళ్లలో వేసి మళ్లీ మొదలుపెట్టాడు. నలుగురికి అయితే అరకిలో ముక్కలు, నిమ్మకాయంత చింతపండు, మూడు గ్లాసుల నీళ్లు అని అవ్వ లెక్క. వరుసకంతటికీ కనుక నాలుగింతలు. పులుసు ముక్కకు చెక్కు తీయరాదు. చెక్కు ఉంటేనే ముక్క చెదరదు. పసుపు, ఉప్పు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, పెద్దగా తరిగిన ఉల్లిపాయలు వేసి ముక్క ముప్పాతిక ఉడకనివ్వాలి. గరిటె కొన గుచ్చితే దిగాలి గాని విరగరాదు. అప్పుడు చింతపండు రసం పోయాలి. పచ్చి వాసన పోయేదాకా మరగనిచ్చి, చిన్న బెల్లం ముక్క వేయాలి. బెల్లం తీపి కోసం కాదు, పులుపును కారాన్ని కలిపి ఉంచడం కోసం. చెంచాడు బియ్యప్పిండి చల్లని నీళ్లలో కలిపి పోస్తే పులుసు కొద్దిగా చిక్కబడుతుంది. చివర నూనెలో ఆవాలు, నాలుగు మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి తిరగమాత పెట్టాలి. మెంతులు మాడితే అంతా చేదు. మూకుడు పొయ్యి మీద నుండి ఎప్పుడు దించాలో కన్ను కాదు, ముక్కు చెప్పాలి.

ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో అయిదు గదులవారూ తమ తమ గిన్నెలు పట్టుకొని చివరి గది ముందు నిలబడ్డారు. మనుమడు కొయ్య గరిటెతో వడ్డించాడు. అవ్వ గోడకు చేరగిలబడి చూస్తూ, "ముక్కలు అడుగున ఉంటాయి, కలిపి పొయ్యి. చివర వచ్చిన వాళ్లకు నీళ్లు మిగలకూడదు" అని హెచ్చరించింది. అందరికీ పోసిన తరువాత గిన్నె అడుగున రెండు ముక్కలు మిగిలాయి. అవి అతనివి. ఆకలికి ఆ రెండు ముక్కలు చాలలేదు. కానీ తాను వండినది నలుగురు తిన్న తరువాత తినడమంటే ఏమిటో మొదటిసారి అతనికి తెలిసింది. అవ్వ, అమ్మ ఇన్నాళ్లూ తిన్నది ఈ అడుగు ముక్కలే అని కూడా తెలిసింది.

ఉదయగిరిని జయించిన రాయలే ఆముక్తమాల్యద రచించిన కవి. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు అతిథులకు కాలానికి తగిన భోజనం పెట్టే ఘట్టం సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. వానాకాలంలో కట్టెలు తడిసి పొగలు చిమ్ముతాయి కనుక భార్య కంటికి పొగ సోకకుండా ఎండిన కొబ్బరి చిప్పలు వంటచెరకుగా వాడి వండించిన సంగతి రాయలు అక్కడ ప్రస్తావించాడు. ఏ రుతువులో ఏ పదార్థం హితమో అంత వివరంగా చెప్పిన చక్రవర్తి, వండే మనిషి కళ్లను మరచిపోలేదు. తినే సంతృప్తిని వర్ణించే కవులు అనేకులు. వండే శ్రమను చూసిన చూపు అరుదు. దుర్గాలు గెలిచిన చేయి ఆ ఒక్క మాట రాసినందుకు కూడా స్మరణీయం. తొలి గాటు పెట్టి వెళ్లిపోయే పిల్లవాడికీ, పొయ్యి దగ్గర నిలబడిన పిల్లవాడికీ నడుమ ఉన్న దూరం ఆ చూపుతోనే తరుగుతుంది.

నాలుగవ నాటికి వాన తెరిపి ఇచ్చింది. అవ్వకు జ్వరం జారింది. బస్సులు నడిచిన వెంటనే తల్లి ఆదరాబాదరాగా వచ్చింది. బిడ్డ పస్తులున్నాడని ఆమె భయం. వచ్చి చూస్తే గది ముందు చేటలో గుమ్మడి గింజలు ఎండుతున్నాయి, వరుసలోని పిల్లలు వాటిని కాపలా కాస్తున్నారు. "ఎవరు వండారత్తా?" అని అడిగింది తల్లి. అవ్వ సమాధానం చెప్పకుండా మనుమని చేతుల వైపు చూపింది. పసుపు అంటిన వేళ్లు, తిరగమాత చిట్లి పడిన చిన్న బొబ్బ.

ఆ గింజలలో కొన్ని వేయించుకొని తిన్నారు. కొన్ని అయిదు గదులవారూ తలా నాలుగు తీసుకున్నారు. మిగిలినవి తల్లి కొంగున ముడివేసుకొని ఊరికి పట్టుకుపోయింది. మరుసటి తొలకరికి అవి పెంటదిబ్బ పక్కన మళ్లీ తీగ సాగాయి.

ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత ఆ బాలుడు పై చదువుకు దూరపు నగరానికి వెళ్లాడు. అవ్వ తిరిగి ఉదయగిరి దుర్గం నీడలోని తన ఇంటికి చేరింది. కొయ్య గరిటె మాత్రం అతనితోనే వెళ్లింది. పులుసు పీల్చి పీల్చి దాని కొన నల్లబడింది. పిడిమీది పూలు అరిగిపోయాయి. ఆశ్వయుజ కార్తీకాలలో ముసురు పట్టినప్పుడు అతడు ఒక చిన్న గుమ్మడికాయ తెచ్చి, గదిలోని స్నేహితులకు పులుసు వండి, ఆ తరువాత అవ్వకు ఫోను చేస్తాడు. "ఏం వండావు?" అని ఆమె అడగదు. వాన శబ్దం వినగానే ఆమెకు తెలుస్తుంది. ఆమె అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"అందరికీ ముక్కలు వచ్చాయా నాయనా?"